వర్డ్ ఫైలులో వాడిన ఫాంటు పోయి వేరే ఫాంటు వచ్చి చేరుతోంది: థీసిస్ అచ్చుకు ముందు ఏం చేయాలి?

శ్రావణమేఘం:
అందరికీ నమస్కారం. నేను తెలుగు సాహిత్యంలో పిహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాన్ని సమర్పించే దశలో ఉన్నాను. గ్రంథంలో చాలా భాగాన్ని ఇంట్లో ఉన్న పాత విండోస్ 7 కంప్యూటరులో, వర్డ్‌లో, గౌతమి ఫాంటుతో టైపు చేసుకున్నాను. అదే ఫైలును బైండింగు చేసే దుకాణంలో విండోస్ 11 కంప్యూటరులో తెరిచి చూస్తే అక్షరాల రూపు మారిపోయింది, పుటలు జరిగిపోయాయి, చివర నేను చేత్తో తయారు చేసుకున్న పదసూచికలోని పుటల అంకెలు ఒక్కటీ సరిపోవడం లేదు. మా పర్యవేక్షకులు లిబ్రాఫీస్ వాడతారు. ఆయన తెరిచినప్పుడు ఇంకో రూపం కనిపించింది.

నాలుగో అధ్యాయం సంగతి వేరు. అందులో ఉన్న ఇంటర్వ్యూల పాఠాన్ని కొన్నేళ్ల కిందట ఒక డీటీపీ కేంద్రంలో టైపు చేయించాను. ఇప్పుడు అక్కడ తెలుగు బదులు నెత్తిన గీతలున్న రోమన్ అక్షరాలు, డాలరు గుర్తులు, మధ్యమధ్య ఖాళీ డబ్బాలు కనిపిస్తున్నాయి. నాకు అంతుపట్టని విషయం ఏమిటంటే, దుకాణంలో రూపు మారిన పుటల మీద కర్సరు పెట్టినా పైన ఫాంటు పెట్టెలో గౌతమి అనే ఉంటోంది. ఆ ఫాంటే లేకపోతే ఆ పేరు ఎందుకు కనిపిస్తోంది? ఏ వరుసలో సరిచేసుకోవాలో తెలిసినవారు చెప్పగలరు.

చిత్తుప్రతి:
కంట్రోల్, ఎ నొక్కి మొత్తం ఎంచుకుని నిర్మలా యూఐ పెట్టేయండి. కొత్త విండోస్ కంప్యూటర్లన్నిటిలో ఆ ఫాంటు ఉంటుంది కాబట్టి ఇకపై ఎక్కడ తెరిచినా ఒకేలా కనిపిస్తుంది.

లిపిమిత్ర:
చిత్తుప్రతి గారూ, మన్నించాలి. శ్రావణమేఘం గారు ఇప్పుడు చేయకూడని పని అదొక్కటే. కారణం కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది.

వర్డ్ అయినా లిబ్రాఫీస్ అయినా ఫైలులో అక్షరాల సంకేతాలను, ఆ అక్షరాలకు వాడవలసిన ఫాంటు పేరును మాత్రమే భద్రపరుస్తుంది. మనం ప్రత్యేకంగా పొదిగితే తప్ప ఫాంటు ఫైలుతోపాటు ప్రయాణం చేయదు. తెరిచిన కంప్యూటరులో ఆ పేరుగల ఫాంటు దొరకనప్పుడు ప్రోగ్రాము మరొక ఫాంటును తెచ్చి చూపిస్తుంది గానీ, లోపల రాసి ఉన్న పేరును చెరపదు. మీరు పెట్టెలో చూస్తున్నది ఆ పేరే. లిబ్రాఫీస్‌లో అయితే లేని ఫాంటు పేరు వాలు అక్షరాలతో కనిపిస్తుంది కాబట్టి వెంటనే తెలిసిపోతుంది. వర్డ్ అలాంటి సూచన ఏదీ ఇవ్వదు. అందులో ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ దాకా వెళ్లి, 'షో డాక్యుమెంట్ కంటెంట్' అనే భాగం కింద ఉన్న 'ఫాంట్ సబ్‌స్టిట్యూషన్' బటన్ నొక్కాలి. లోపించిన ఫాంట్ల పేర్లు, వాటి స్థానంలో వచ్చినవాటి పేర్లు పక్కపక్కనే కనిపిస్తాయి. ఆ జాబితాను కాగితం మీద రాసుకోండి. అక్కడే 'కన్వర్ట్ పర్మనెంట్లీ' అనే బటన్ కూడా ఉంటుంది. దాన్ని మాత్రం నొక్కకండి. అది నొక్కినా, చిత్తుప్రతి గారు చెప్పినట్టు మొత్తం ఎంచుకుని ఫాంటు మార్చినా, ఏ వాక్యం ఏ ఫాంటులో కూర్చారన్న సమాచారం ఫైలులోంచి శాశ్వతంగా పోతుంది. నాలుగో అధ్యాయాన్ని మళ్లీ తెలుగులోకి తేవడానికి మీ చేతిలో ఉన్న ఆధారం ఆ సమాచారమే.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఒకే ఫైలులో వేర్వేరు సమస్యలు కలగలిసి ఉన్నాయి. తెలుగు చక్కగా చదవగలిగేలా ఉండి రూపు మాత్రమే మారితే ఫాంటు లోపించిందని అర్థం. ఫాంటు ఉండి, అందులో తెలుగు అక్షరాలు లేకపోవడం మరొకటి. ఉదాహరణకు తెలుగు వాక్యానికి టైమ్స్ న్యూ రోమన్ అని రాసి ఉంటే, ఆ ఫాంటు కంప్యూటరులో ఉన్నా అందులో తెలుగు లేదు కాబట్టి ప్రోగ్రాము ఆ అక్షరాలను ఇంకెక్కడి నుంచో తెస్తుంది, ఎక్కడా దొరకకపోతే డబ్బాలు చూపిస్తుంది. ఇది సబ్‌స్టిట్యూషన్ జాబితాకు ఎక్కదు, ఎందుకంటే ప్రోగ్రాము దృష్టిలో ఆ ఫాంటు లోపించలేదు. ఇక నాలుగో అధ్యాయంలోని పాఠం అసలు యూనికోడ్ (ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంకేతం ఉండే పద్ధతి) తెలుగే అయి ఉండకపోవచ్చు.

దీన్ని తేల్చుకోవడానికి ఫైలుకు ఒక నకలు తీసుకుని, అందులో ఏదైనా అక్షరం ముగిసిన వెంటనే దాని కుడిపక్కన కర్సరు పెట్టి ఆల్ట్, ఎక్స్ నొక్కండి. ఆ అక్షరం స్థానంలో దాని సంకేతం కనిపిస్తుంది. మళ్లీ అవే నొక్కితే అక్షరం తిరిగి వస్తుంది. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన గడులు 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు ఉంటాయి, 'క' అయితే 0సి15 రావాలి. నాలుగో అధ్యాయంలో 00తోనో ఎఫ్0తోనో మొదలయ్యే సంకేతాలు వస్తే అది పాత పద్ధతి ఫాంటుతో కూర్చిన పాఠం.

శ్రావణమేఘం:
లిపిమిత్ర గారూ, ధన్యవాదాలు. చెప్పినట్టే నకలు తీసి చూశాను. మొదటి మూడు అధ్యాయాలలో, ఐదో అధ్యాయంలో 'క' దగ్గర 0సి15 వచ్చింది. నాలుగో అధ్యాయంలోని ఇంటర్వ్యూల భాగంలో ఎఫ్0తో మొదలయ్యే సంకేతాలు వచ్చాయి. దుకాణంలోని కంప్యూటరులో సబ్‌స్టిట్యూషన్ జాబితా చూస్తే గౌతమితోపాటు నేను ఎప్పుడూ ఎంచుకోని మరో రెండు పేర్లు ఉన్నాయి. అవి డీటీపీ కేంద్రం వారు వాడినవై ఉండాలి. రెండో అధ్యాయంలో వెబ్ పత్రికల నుంచి ఉద్ధరించిన పేరాలకు మాత్రం టైమ్స్ న్యూ రోమన్ అని ఉంది. మీరు చెప్పిన సమస్యలన్నీ నా ఒక్క ఫైలులోనే ఉన్నాయన్నమాట. ముందు గౌతమి సంగతి ఎలా తేల్చుకోవాలి?

మూలసంకేతం:
గౌతమి విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి వస్తున్న ఫాంటు, వాణి విండోస్ 7తో వచ్చింది. విండోస్ 8లో నిర్మలా యూఐ వచ్చాక, విండోస్ 10 నుంచి గౌతమిని, వాణిని తప్పనిసరి ఫాంట్ల జాబితాలోంచి తీసి 'తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్' అనే ఐచ్ఛిక భాగంలో పెట్టారు. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ అని వెతికి ఆ భాగాన్ని ఎంచుకుంటే ఇంటర్నెట్ నుంచి దానంతట అదే దిగుతుంది. విండోస్ భాషల జాబితాలో తెలుగును చేర్చినప్పుడు కూడా ఇది వస్తుంది. అందువల్ల తెలుగు భాషను చేర్చుకున్న కంప్యూటరులో గౌతమి కనిపించడం, పక్కనే ఉన్న మరో కంప్యూటరులో కనిపించకపోవడం మామూలే. దుకాణం వారు ఒప్పుకుంటే అక్కడ అది వేయించి, వర్డ్‌ను మూసి మళ్లీ తెరవమనండి. అంతటితో మొదటి సమస్య చాలావరకు తీరుతుంది.

మీ పర్యవేక్షకులది లినక్స్ అయితే సంగతి వేరు, గౌతమి అక్కడికి చట్టబద్ధంగా పంపగల ఫాంటు కాదు. లినక్స్‌లో ఏ ఫాంటుకు బదులు ఏది వస్తుందో ఫాంట్‌కాన్ఫిగ్ అనే వ్యవస్థ నిర్ణయిస్తుంది. టెర్మినల్‌లో ఎఫ్‌సి-మ్యాచ్ అని కొట్టి పక్కన గౌతమి పేరు ఇస్తే దాని బదులు ఏది వస్తుందో చెబుతుంది. ఎఫ్‌సి-లిస్ట్‌కు భాష సంకేతంగా తెలుగును ఇస్తే ఆ కంప్యూటరులో తెలుగు ఉన్న ఫాంట్లన్నీ వరుసగా వస్తాయి. ఆయన చదవడానికి వీలుగా ఉంటే చాలు అనుకుంటే, లిబ్రాఫీస్‌లో టూల్స్, ఆప్షన్స్ కింద ఫాంట్స్ అనే చోట ప్రత్యామ్నాయాల పట్టిక ఉంటుంది. అందులో గౌతమికి బదులు నోటో సెరిఫ్ తెలుగు అని రాసుకోవచ్చు. ఆ పట్టిక ఆయన కంప్యూటరుకే పరిమితం, మీ ఫైలులో దేన్నీ మార్చదు. 'ఆల్వేస్' అన్న గడిలో టిక్కు పెడితే మాత్రం గౌతమి ఉన్నా పక్కన పెట్టి రెండోదే వాడుతుంది కాబట్టి దాన్ని ఖాళీగా వదలాలి.

ఇంకొక్క మాట. ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్‌లకు లిబరేషన్ ఫాంట్లు, కాలిబ్రీకి కార్లిటో, కాంబ్రియాకు కాలడియా ఉన్నాయి. ప్రతి అక్షరం వెడల్పు అసలు ఫాంటుతో సమానంగా ఉండేలా వీటిని గీశారు, అందుకే ఇంగ్లీషు ఫైళ్లు ఎక్కడ తెరిచినా పంక్తులు జరగవు. వాటిలో తెలుగు అక్షరాలు లేవు. తెలుగు ఫాంటు మారితే పంక్తి ఎత్తు, అక్షరం వెడల్పు రెండూ మారతాయి, కాబట్టి పుటలు జరగకుండా ఆపాలంటే అదే ఫాంటు ఉండి తీరాలి.

కృష్ణాతీరం:
ఫాంట్లను ఫైలులోనే పొదిగేస్తే ఇంత శ్రమ ఎందుకు? వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్లి 'ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ద ఫైల్' దగ్గర టిక్కు పెట్టడమే కదా. లిబ్రాఫీస్‌లోనూ ఫైల్, ప్రాపర్టీస్‌లో ఫాంట్ అనే చోట అదే సదుపాయం ఉంది.

లిపిమిత్ర:
పొదగడం మంచిదే, కానీ టిక్కు పెట్టగానే పని అయిపోయిందని నమ్మకూడదు. వర్డ్‌లో ఆ టిక్కు కింద మరో రెండు గడులుంటాయి. 'డూ నాట్ ఎంబెడ్ కామన్ సిస్టమ్ ఫాంట్స్' అన్న గడిలో టిక్కు ఉంటే, విండోస్‌తోపాటు వచ్చిన ఫాంటును వర్డ్ పొదగకుండా వదిలేసే అవకాశం ఉంది. తెరిచే కంప్యూటరులోనూ అది ఉంటుందన్న నమ్మకంతో పెట్టిన ఏర్పాటు అది, గౌతమి విషయంలో ఆ నమ్మకం చెల్లదు. వాడిన అక్షరాలను మాత్రమే పొదగమనే రెండో గడిలో టిక్కు పెడితే ఫైలు చిన్నదవుతుంది గానీ, అవతలివారు ఏదైనా దిద్దవలసి వస్తే కావలసిన అక్షరం అందులో లేకపోవచ్చు. పర్యవేక్షకులు దిద్దే ప్రతికి ఈ రెండు టిక్కులూ తీసేయాలి.

పొదగడానికి ఫాంటు తయారుచేసినవారి అనుమతి కూడా ఉండాలి. ఆ అనుమతి ఫాంటు ఫైలులోనే ఒక సంకేతంగా రాసి ఉంటుంది. విండోస్ ఫాంట్స్ ఫోల్డరులో వివరాలు చూస్తే ఫాంట్ ఎంబెడబిలిటీ అన్న చోట ఇన్‌స్టాలబుల్, ఎడిటబుల్, ప్రింట్ అండ్ ప్రివ్యూ, రెస్ట్రిక్టెడ్ అనే మాటల్లో ఒకటి ఉంటుంది. రెస్ట్రిక్టెడ్ అని ఉంటే ఎన్ని టిక్కులు పెట్టినా వర్డ్ దాన్ని పొదగదు.

నిజంగా పొదిగిందా లేదా అన్నది తెలుసుకోవడానికి డాక్ఎక్స్ ఫైలు నకలు ఒకటి తీసుకుని, పేరు చివర డాక్ఎక్స్ బదులు జిప్ అని మార్చి విప్పి చూడండి. లోపల వర్డ్ అనే ఫోల్డరులో ఫాంట్స్ అనే మరో ఫోల్డరు ఉండి, అందులో ఓడీటీటీఎఫ్ అని ముగిసే ఫైళ్లుంటే ఫాంట్లు లోపలికి చేరినట్టు. పక్కనే ఫాంట్‌టేబుల్ అనే ఎక్స్ఎంఎల్ ఫైలు ఉంటుంది. పొదిగినా పొదగకపోయినా ఫైలులో వాడిన ఫాంట్ల పేర్లు అందులో వరుసగా కనిపిస్తాయి.

ప్రవాసిపుట:
మేము అమెరికాలో మా తెలుగు సంఘం ప్రత్యేక సంచికకు వ్యాసాలు సేకరిస్తూ ఉంటాము. రచయితలు విండోస్ నుంచి గౌతమిలో, మ్యాక్ నుంచి కోహినూర్ తెలుగులో లేదా తెలుగు సంగం ఎంఎన్‌లో, ఫోను నుంచి మరొక రూపంలో పంపుతారు. మేము పెట్టుకున్న నియమం ఒకటే: వర్డ్ ఫైలుతోపాటు రచయిత తన కంప్యూటరులోనే తీసిన పీడీఎఫ్ కూడా రావాలి. ఫాంటు మారిపోయి ఏదైనా గుర్తు, పద్యపాదం, ఛందస్సు పట్టిక చెదిరినప్పుడు రచయిత ఉద్దేశం ఏమిటో ఆ పీడీఎఫ్ చూసి తెలుసుకోవచ్చు. శ్రావణమేఘం గారు కూడా ఇంట్లో ఉన్న విండోస్ 7 కంప్యూటరులో గ్రంథం మొత్తానికి ఈరోజే ఒక పీడీఎఫ్ తీసి ఉంచుకోవడం మంచిది, ఆ పాత కంప్యూటరు ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పలేం.

కంపోజింగు బల్ల:
నేను విజయవాడలో చాలాకాలంగా డీటీపీ పని చేస్తున్నాను, నాలుగో అధ్యాయం గురించి చెబుతాను. పేజ్‌మేకర్ రోజుల్లో తెలుగు పుస్తకాలు, కరపత్రాలు ఎక్కువగా అను, శ్రీలిపి వంటి ప్యాకేజీల ఫాంట్లతోనే తయారయ్యేవి. వాటిలో తెలుగు అక్షరానికి విడిగా సంకేతం ఉండదు. రోమన్ అక్షరాల గడుల్లో తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు ముక్కలను పెట్టి, వాటిని పక్కపక్కన పేర్చి అక్షరాన్ని తయారు చేస్తారు. అందుకే ఆ ఫాంటు లేనిచోట ఆ ముక్కలన్నీ తమ అసలు గడుల్లోని రోమన్ గుర్తులుగా బయటపడతాయి. వాటి మీద గౌతమి పెట్టినా, నిర్మలా పెట్టినా అవి తెలుగు కావు. పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టరు ఉండాలి.

లిపిమిత్ర గారు ఫాంటు పేర్లను చెరపవద్దని ఎందుకు అన్నారో ఇక్కడ అర్థమవుతుంది. ఒక ప్యాకేజీలో ఏ గడిలో ఏ ముక్క ఉందన్నది మరో ప్యాకేజీతో కలవదు, ఒకే ప్యాకేజీ వేర్వేరు వెర్షన్లలో కూడా తేడాలుంటాయి. ఏ పట్టిక ప్రకారం మార్చాలో కన్వర్టరుకు చెప్పాలంటే ఆ ఫాంటు పేరు తెలిసి ఉండాలి. అంతకంటే ముఖ్యమైన చిక్కు ఇంకొకటి ఉంది. ఇంటర్వ్యూలో ఎవరైనా ఒక ఇంగ్లీషు మాట అని ఉంటే, ఆపరేటరు దాన్ని టైమ్స్ న్యూ రోమన్‌లో కొట్టి ఉంటారు. సంకేతాలను మాత్రమే చూసే కన్వర్టరుకు ఆ ఇంగ్లీషు మాట కూడా తెలుగు ముక్కల వరుసలాగే కనిపిస్తుంది కాబట్టి దాన్ని కూడా మార్చి అర్థంలేని తెలుగు చేస్తుంది. ఏది తెలుగో ఏది ఇంగ్లీషో ఫైలులో చెప్పేది ఆ ఫాంటు పేరే.

అందుకని వర్డ్‌లో ఫైండ్ పెట్టె తెరిచి, మోర్, ఫార్మాట్, ఫాంట్ అనే వరుసలో ఆ డీటీపీ ఫాంటు పేరును టైపు చేసి, వెతికే మాటను ఖాళీగా వదిలి, మెయిన్ డాక్యుమెంట్‌లో వెతకమనండి. ఆ ఫాంటులో ఉన్న భాగాలు మాత్రమే ఎంపికవుతాయి. వాటికి ముందుగా పసుపు హైలైట్ వేసుకుని, ఒక్కొక్క పేరాలో ఆ భాగాలను మాత్రమే కన్వర్టరుకు ఇచ్చి, వచ్చిన యూనికోడ్ పాఠాన్ని అదే చోట పెట్టండి. శ్రమే, కానీ ఇంటర్వ్యూ ఇచ్చినవారి మాట తారుమారు కాకుండా ఉండాలంటే ఇదే దారి. ఆ తర్వాత అచ్చు ప్రతిని పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడాలి. సంయుక్తాక్షరాలు, 'ర' ఒత్తు ఉన్నవి, అరసున్నలు, తెలుగు అంకెలు ఉన్నచోట కన్వర్టర్లు తడబడతాయి. సున్నాలా చుట్టిన చుక్కల వలయం కనిపిస్తే, అక్కడ గుణింతపు గుర్తు ఆధారం లేకుండా ఉండిపోయిందని తెలుసుకోవాలి.

చిత్తుప్రతి:
ఇంటర్వ్యూ పాఠం ఉందన్న సంగతిని నేను లెక్కలోకి తీసుకోలేదు, వివరించినందుకు కృతజ్ఞతలు. ఒక సందేహం. దుకాణంలో ఆ పాత డీటీపీ ఫాంట్లు వేయించి నాలుగో అధ్యాయాన్ని అలాగే అచ్చు తీస్తే సరిపోదా? కాగితం మీద తేడా కనిపించదు కదా.

మూలసంకేతం:
కాగితం మీద కనిపించదు. కానీ థీసిస్ కాగితంతో ఆగిపోదు. సాఫ్ట్ ప్రతి, థీసిస్‌లను ఇంటర్నెట్‌లో అందుబాటులో ఉంచే శోధ్‌గంగ భాండాగారానికి కూడా చేరుతుంది. పాత ఫాంటుతో తీసిన పీడీఎఫ్ కంటికి తెలుగులాగే ఉంటుంది గానీ, అందులో ఒక ఊరి పేరో ఒక పాట పల్లవో వెతికితే దొరకదు, కాపీ చేసి మరోచోట పెడితే రోమన్ గుర్తులే వస్తాయి. క్షేత్ర పర్యటనలో సేకరించిన మౌఖిక సమాచారం తర్వాతి పరిశోధకులు వెతికినా దొరకని రూపంలో ఉండిపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. సమయం ఉన్నంతలో మార్చడమే న్యాయం.

శ్రావణమేఘం:
అందరి సలహాలూ పాటిస్తున్నాను. పాత కంప్యూటరులో మొత్తం పీడీఎఫ్ తీసి దాచాను. డీటీపీ కేంద్రం వారి దగ్గర ఆనాటి అచ్చు ప్రతి దొరికింది, దాన్ని పక్కన పెట్టుకుని ఇంటర్వ్యూలను మారుస్తున్నాను. పర్యవేక్షకులతో మాట్లాడి, అందరికీ దొరికే ఫాంటు ఒకటి వాడాలని నిర్ణయించుకున్నాము. రెండు కొత్త ఇబ్బందులు వచ్చాయి. మార్చిన పేరాలకు లిబ్రాఫీస్‌లో ఫాంటు మార్చినా కొన్ని చోట్ల ఫలితం కనిపించడం లేదు. పద్యాలు ఉద్ధరించిన చోట కింది ఒత్తులు సగానికి తెగిపోతున్నాయి, 'స్త్ర్య', 'క్ష్మి' వంటివి చదవడానికి వీలుకావడం లేదు.

మూలసంకేతం:
అందరికీ దొరికే ఫాంటు అంటే మండలి, సురన్న, రామభద్ర, నోటో సెరిఫ్ తెలుగు వంటివి చూడండి. ఇవి స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్నవి కాబట్టి ఫైలులో పొదగవచ్చు, ఫాంటు ఫైలును వర్డ్ ఫైలుతోపాటు పర్యవేక్షకులకూ దుకాణానికీ పంపవచ్చు. రామభద్ర శీర్షికలకు బాగుంటుంది, గ్రంథ పాఠానికి మండలి నా ఓటు. విండోస్‌లో వేసేటప్పుడు 'ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్' ఎంచుకోండి, లేకపోతే ఆ కంప్యూటరులో మరొకరి లాగిన్‌లో అది కనిపించదు.

మొదటి ఇబ్బందికి కారణం ఇది. లిబ్రాఫీస్ ప్రతి పేరాకూ పాశ్చాత్య లిపులకు ఒక ఫాంటు, తూర్పు ఆసియా లిపులకు ఒకటి, కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ లిపులకు మరొకటి దాచుకుంటుంది. తెలుగు ఈ మూడో రకం కిందికి వస్తుంది. పాత డీటీపీ పాఠం రోమన్ సంకేతాలతో ఉన్నది కాబట్టి దాని ఫాంటు మొదటి గడిలో ఉంది. యూనికోడ్‌లోకి మారాక అది మూడో గడిని చూస్తుంది. మీరు మొదటి గడిలో ఎన్ని ఫాంట్లు మార్చినా తెలుగు కదలదు. ఫార్మాట్, క్యారెక్టర్ తెరిచి సీటీఎల్ ఫాంటు అన్న చోట మండలి పెట్టండి, అది కనిపించకపోతే టూల్స్, ఆప్షన్స్‌లో భాషల అమరిక కింద కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌కు టిక్కు పెట్టాలి. వర్డ్ ఫైలులోనూ ఈ విభజన ఉంది, ఫాంట్ పెట్టెలో 'కాంప్లెక్స్ స్క్రిప్ట్స్' అని విడిగా కనిపిస్తుంది. పేరా పేరాకూ కాకుండా నార్మల్, హెడింగ్ స్టైల్స్‌లోనే ఈ గడి మార్చి, ఉద్ధరణలకు విడిగా ఒక స్టైల్ పెట్టుకుంటే మళ్లీ ఎప్పుడు ఫాంటు మార్చవలసి వచ్చినా ఆ స్టైల్స్‌లో మారిస్తే చాలు.

కంపోజింగు బల్ల:
ఒత్తులు తెగడానికి కారణం పంక్తుల మధ్య దూరం. పుటలు తగ్గించడానికో, విశ్వవిద్యాలయ నియమం కోసమో ఎవరో ఆ పేరాలకు లైన్ స్పేసింగ్ దగ్గర 'ఎగ్జాక్ట్‌లీ' అని పెట్టి ఒక అంకె ఇచ్చి ఉంటారు. పాత ఫాంటులో ఆ ఎత్తు సరిపోయినా కొత్తదానిలో ఒత్తు కింద ఒత్తు వచ్చిన చోట చాలదు, మిగిలిన భాగాన్ని ప్రోగ్రాము కోసేస్తుంది. అక్కడ 'ఎట్ లీస్ట్' లేదా 'మల్టిపుల్' ఎంచుకోండి. లిబ్రాఫీస్‌లో అయితే 'ఫిక్స్‌డ్' బదులు 'ప్రపోర్షనల్' పెట్టండి. కొన్నిసార్లు తెర మీద తెగినట్టు కనిపించినా పీడీఎఫ్‌లో పూర్తిగా వస్తుంది, కాబట్టి తీర్పు పీడీఎఫ్ చూశాకే ఇవ్వండి.

దుకాణానికి వర్డ్ ఫైలు ఇవ్వకండి, పీడీఎఫ్ మాత్రమే ఇవ్వండి. ఇచ్చే ముందు పీడీఎఫ్ రీడరులో ఫైల్, ప్రాపర్టీస్, ఫాంట్స్ తెరిచి ప్రతి పేరు పక్కన 'ఎంబెడెడ్ సబ్‌సెట్' అని ఉందో లేదో చూడండి. పీడీఎఫ్/ఎ రకంగా తీస్తే అన్ని ఫాంట్లూ పొదిగి ఉండడం ఆ ప్రమాణంలోనే తప్పనిసరి. పదసూచికకు పుటల అంకెలు వేయడం అన్నిటికన్నా చివర, ఫాంటు, స్పేసింగు, బొమ్మలు అన్నీ ఖరారయ్యాక మాత్రమే పెట్టుకోండి. మధ్యలో వేస్తే మళ్లీ మొదటి నుంచి వేయవలసి వస్తుంది.

శ్రావణమేఘం:
సీటీఎల్ గడిలో మార్చగానే పేరాలు సరయ్యాయి, పద్యాల ఒత్తులు పూర్తిగా కనిపిస్తున్నాయి. పీడీఎఫ్‌లో ఫాంట్ల జాబితా చూస్తే మండలి, రామభద్రతోపాటు గౌతమి ఇంకా ఒకటి మిగిలి ఉంది. వర్డ్‌లో ఫైండ్‌తో వెతికితే ఎక్కడా దొరకడం లేదు.

లిపిమిత్ర:
అధోజ్ఞాపికలలో, పుట పైభాగంలోని హెడరులో, పుట సంఖ్యల దగ్గర, టెక్స్ట్ బాక్సులలో చూడండి. మెయిన్ డాక్యుమెంట్‌లో మాత్రమే వెతికినప్పుడు వాటి జోలికి పోదు. ముందుగా ఫుట్‌నోట్ టెక్స్ట్ అనే స్టైల్ తెరిచి అందులోని కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ గడి చూడండి, గౌతమి చాలాసార్లు అక్కడే మిగిలిపోతుంది.